శుక్రవారపు కొబ్బరికాయ, బండి వెనక గుండు

పోయిన నెలలో మా ఇంటికి రంగులు వేయించాం. చోవా చూ కాంగ్‌లో ఈ ఫ్లాటుకు వచ్చిన నాటి నుంచి దేవుడి అల్మరాను గోడ దగ్గర నుంచి కదిపింది లేదు. రంగులు వేసేవాళ్ళు దాన్ని ఇవతలికి జరిపితే, అడుగు అరలో పాత ఇత్తడి పళ్ళేల వెనక, మా అమ్మ నేతచీర ముక్కలో చుట్టిన మూట ఒకటి కనబడింది. చేత్తో ఎత్తగానే ఆ బరువు ఏమిటో నాకు తెలిసిపోయింది. విప్పితే అదే. పెద్ద నిమ్మకాయంత ఇనుప గుండు, దాని కింద పొట్టి మెడ, మెడ కింద మరలు కోసిన కాడ. ఇన్నేళ్ళయినా తుప్పు లేదు. గుడ్డకు ఆముదం వాసన ఇంకా పట్టి ఉంది.

శనివారాలు నా మనవరాలు హాసిని తెలుగు నేర్చుకోవడానికి మా ఇంటికి వస్తుంది. మా అమ్మాయి కూతురు. అక్షరాలు వచ్చేశాయి, గుణింతాల్లో ఉంది. మాట మాత్రం సగం ఇంగ్లీషే, అదీ ఇక్కడి పిల్లల్లా చివర ‘లా’ తగిలించి. ఆ రోజు భోజనాల బల్ల మీద ఈ గుండును చూసి రెండు చేతులతో ఎత్తి దింపింది.

“అమ్మమ్మా, వాట్ ఈజ్ దిస్? స్మాల్ స్మాల్ బట్ సో హెవీ లా.”

“మా నాన్న పికప్ వెనక ఉండేది. ట్రైలర్ తగిలించేది దీనికే.”

“పికప్ ఎక్కడుంది?”

“ఎప్పుడో తుక్కుకు పోయిందమ్మా.”

“పికప్ లేదు, ట్రైలర్ లేదు, దెన్ దిస్ వన్ కీప్ ఫర్ వాట్? మమ్మీ సెడ్ నీ ఇంట్లో టూ మెనీ థింగ్స్. త్రో లా.”

దురుసుగా అనలేదు పాపం, వాళ్ళమ్మ మాటే తిప్పి చెప్పింది. ఇల్లు చిన్నదే, వస్తువులు ఎక్కువే, ఆ మాటా నిజమే. వచ్చే శనివారం చెబుతాను, అంతవరకు ఉండనీ అన్నాను. వారం పొడుగునా దానికి జవాబు వెతుక్కుంటూ కూర్చున్నాను. దొరికింది ఇదీ.

అప్పట్లో మా ఇల్లు ఈ ఊళ్ళోనే, జురాంగ్ వెస్ట్‌లో. నాన్న, అమ్మ, ఇంట్లో అందరూ పైడీ అని పిలిచే నేను, నాయనమ్మ. నాయనమ్మ విజయనగరం దగ్గర పల్లె నుంచి కొడుకు వెంట ఓడ ఎక్కి ఈ దేశానికి వచ్చిన మనిషి. వచ్చి ఎంత కాలమైనా ఆవిడ మాట మారలేదు, తిండి మారలేదు, పొద్దున్నే సాంబ్రాణి వేసే తీరు మారలేదు. నాన్న పేరు సింహాచలం. ఓడలు బాగుచేసే యార్డులో పని. ఒక రోజు పరంజా మీద నుంచి జారి పడ్డాడు. అమ్మవారి దయ, కింద తాళ్ళ చుట్టలు ఉన్నాయి. భుజం విరిగింది, ప్రాణం దక్కింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున అమ్మ ఏడవలేదు, అరవలేదు. దిష్టి తీసిన నీళ్ళు బయట పారబోసి వచ్చి, “ఇంక ఆ యార్డు గేటు తొక్కితే నా మీద ఒట్టే” అంది. అంతే, ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు.

దాచుకున్నదంతా పెట్టి నాన్న ఒక పికప్, చక్రాల మీద ఉండే ఒక డీజిల్ జనరేటరు కొన్నాడు. ఫ్లాట్ల బ్లాకుల కింద ఖాళీ జాగాల్లో జరిగే పెళ్ళిళ్ళకు, గుళ్ళ ఉత్సవాలకు, చైనా వాళ్ళ నాటకాలకు జనరేటరు అద్దెకు తిప్పడం పని. జనరేటరు ఏనుగు పిల్ల లాంటిది, దానంతట అది కదలదు. పికప్ వెనక కట్టి లాక్కుపోవాలి. పికప్ జపాన్ నుంచి వచ్చినప్పుడే దాని వెనక ఫ్యాక్టరీ వాళ్ళు బిగించిన ఇనుప అడ్డదూలం ఉంది. బండి అడుగున పొడుగ్గా ఉండే రెండు పట్టీలకు అటూ ఇటూ బోల్టులతో పట్టించి ఉంటుంది. దాని నడుమ ఈ గుండు. జనరేటరు ముందుకు చాచిన చేతికి చివర టోపీలాంటిది ఒకటి ఉంటుంది. ఆ టోపీ గుండు మీద కూర్చుంటే బండీ జనరేటరూ ఒకటైపోతాయి. వర్క్‌షాపుల్లో దీన్ని టో బార్ అనేవాళ్ళు. మా ఇంట్లో అందరూ కొక్కెం అనే అనేవాళ్ళు, అక్కడ కొక్కెం ఏదీ లేకపోయినా.

ఇంటిల్లిపాదీ ఆ కొక్కేనికే వేలాడుతున్నామని నాకు అప్పుడే తెలుసు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువ. బడికి పంపితే వారంలో సగం రోజులు వెనక్కి తెచ్చుకోవలసి వచ్చేది. అందుకని ఇంట్లోనే చదువు. యార్డు పనిలో నాన్న చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు, అప్పుడు నాకు చదువే లేదు. జనరేటరు పని సాయంత్రాలది కాబట్టి పొద్దుటి పూట నాన్న నావాడు. నాయనమ్మ సాంబ్రాణి పొగ వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చే వేళకు బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. చేతులు ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు గీత ఉండేది. డీజిలు వాసన, చద్దన్నంలో మజ్జిగ వాసన, పలక మీద తడిగుడ్డ వాసన, ఇవన్నీ కలిస్తే నాకు ఇప్పటికీ అ ఆలు గుర్తుకొస్తాయి. తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు, కూడికలు, భిన్నాలు అన్నీ ఆ బల్ల దగ్గరే. సగం, పాతిక, అరపాతిక అనేవి నాకు పానాల కొలతలుగానే మొదట తెలిశాయి. నాన్న పెద్దగా చదువుకున్నవాడు కాదు. తనకు వచ్చింది ముందు నాకు చెప్పి, రానిది నాతో కలిసి నేర్చుకునేవాడు. తప్పు చేస్తే కోప్పడేవాడు కాదు. “మళ్ళీ బిగించు” అనేవాడు, పలక మీద అక్షరాన్ని కూడా.

ఆ కొక్కెం మీద మా ఇంట్లో ఒక పాత తగువు ఉండేది. అమ్మకు అన్నయ్య అప్పన్న మావయ్య సొంత లారీ నడిపేవాడు. ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, తిన్నాక చెయ్యి కడుక్కుంటూనే అదే మాట ఎత్తేవాడు.

“బావా, ఆ ఫ్యాక్టరీవోడు ఇచ్చింది అందానికి రా. పిల్లగుంటలు ఆడుకునే చిన్న పడవ లాగడానికి సరిపోద్ది గానీ నీ జనరేటర్‌కా? మనకి తెలిసినోడున్నాడు, లావుపాటి రేకు ఏసి వెల్డింగ్ కొట్టించీ.”

“ఒగ్గేయ్ బావా. ఆళ్ళు దాన్ని ఎంతెంత బరువులు కట్టి లాగి సూసుంటారో మనకేటి తెలుసు. ఎంత లాగుద్దో రేకు మీద కొట్టి మరీ ఇచ్చినారు. మన జనరేటరు అంతకి తక్కువే. వెల్డింగ్ ఏడి తగిల్తే బాగున్న పట్టీ పాడవుద్ది.”

“రేకు మీద రాసింది నువ్వు నమ్మినావు. నాను ఇనుము మందం నమ్ముతాను.”

“నువ్వు మందమే నమ్ముతావులే, నీ పొట్ట సూస్తే తెల్దా?” అని నాయనమ్మ లోపల్నుంచి అందుకునేది. మావయ్య నవ్వేసి ఇంకో గ్లాసు మజ్జిగ అడిగేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. అన్నయ్య మాట ఆవిడ మనసులో ఒక పక్కన పడి ఉండేది.

ఇక నాయనమ్మ శుక్రవారం. ఆ రోజు ఆవిడకు పండగ. తలంటుకుని, పసుపు చీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, విభూతి, కొబ్బరికాయ పెట్టుకుని కార్ పార్కులోకి దిగేది. వెనక నేను హారతి గంటతో. అందరూ బండి ముందు చక్రం దగ్గర కాయ కొడతారు. నాయనమ్మ లెక్క వేరు. “ముందర ఏటున్నాది, సోకు తప్ప? బరువు మోసేది ఎనక. మొక్కవలసింది మోసేదానికి” అనేది. కొక్కెం దూలం అంచుకేసి కాయ ఒక్క దెబ్బకు కొట్టేది. నీళ్ళు ఒక్క చుక్క కింద పోకుండా అటూ ఇటూ ఉన్న బోల్టుల మీదా, గుండు మీదా పోసేది. ఆపైన పసుపు మెత్తేది, విభూతి చల్లేది, కుంకుమ పెట్టేది. అటూ ఇటూ నడిచే చైనా వాళ్ళు, మలేవాళ్ళు ఆగి చూసి, దణ్ణంలా తలవంచి వెళ్ళేవాళ్ళు. పసుపు తడి ఆరేసరికి కొక్కెం బంగారు రంగులో మెరిసేది. పికప్ కొన్నప్పటి నుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. ఇంటికి వచ్చి చిప్పలు తురిమి బెల్లంతో లస్కోరా ఉండలు చేసేది. ఆ బెల్లం పాకం వాసన నిండిన ఇంట్లో కూర్చుంటే ఈ ప్రపంచంలో మనకు ఏమీ కాదనిపించేది.

ఒక శనివారం మధ్యాహ్నం బుకిట్ బటోక్‌లో పెళ్ళికి జనరేటరు తీసుకుపోవాలి. ఆయాసం లేని రోజు కాబట్టి నాన్న నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. మెరక ఎక్కుతుంటే వెనక టక్కుమని చప్పుడు. కొంచెం పోయాక మళ్ళీ. సిగ్నల్ దగ్గర బ్రేకు వేసేసరికి జనరేటరు మమ్మల్ని వెనక నుంచి భుజంతో తోసినట్టయింది. నాన్న మెల్లగా పక్కకు తీసి ఆపి, దిగి వంగి చూశాడు. అడ్డదూలం ఒక వైపు కిందికి జారి వంకరగా వేలాడుతోంది. పికప్‌కూ జనరేటరుకూ నడుమ జాగ్రత్తకని వేసిన గొలుసు మాత్రం బిగుతుగా పట్టుకుని ఉంది. వెనకే ఉన్న బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. గొలుసు తెగి ఉంటే ఆ ఏనుగు పిల్ల ఆ మెరక మీద నుంచి ఆ బస్సు మీదికే పోయేది. నాన్న చక్రాల కింద రాళ్ళు పెట్టి, నన్ను దింపి ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, కాసేపు నా తల మీద చెయ్యి వేసి ఉంచాడు.

మావయ్య లారీ తెచ్చి జనరేటరును పెళ్ళికి చేర్చాడు. పెళ్ళిలో దీపాలు వెలిగాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు. మా ఇంట్లోనే చీకటి పడింది.

“సెప్పినానా లేదా?” అన్నాడు మావయ్య. అతని గొంతులో కూడా ఆ రోజు సరదా లేదు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మెల్లగా అంది. “నా పిల్ల ఆ బండిలో ఉన్నాది. ఎవరి పిల్లలో ఆ బస్సులో ఉన్నారు. నమ్మకం లేని ఇనుముకి కట్టుకుని మనం అన్నం తినొద్దు. అమ్మీండి.”

“అమ్మీసి?” అన్నాడు నాన్న.

అమ్మ గుమ్మం వదిలి ఇవతలికి వచ్చింది. “నా ఒట్టు నాను తీసేసుకుంటాను. యార్డుకే ఎల్లండి. పరంజా మీద కాకండా కింద పనేదైనా అడగండి” అంది. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో, చీర చెంగు వేలికి చుట్టి విప్పి చుట్టడం చూస్తే తెలిసింది. నాన్న యార్డు ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి వచ్చాడు. ఎల్లుండి కాక పై సోమవారం నుంచి రమ్మన్నారట, పరంజా మీదికే. కింద పని ఏదీ ఖాళీ లేదట. నేను పలక తీసి అల్మరాలో పెట్టేశాను. నన్ను ఎవరూ పెట్టమనలేదు.

మర్నాడు నాన్న, మావయ్య కార్ పార్కులో అట్టముక్క పరుచుకుని పికప్ కింద దూరారు. నేను చక్రం పక్కన కూర్చుని విప్పిన సామాను పాత పేపరు మీద పేరుస్తున్నాను. దూలం బయటికి తీసి మావయ్య సుత్తితో ఇటు నుంచి అటు దాకా కొట్టి విన్నాడు. గుడిగంటలా మోగింది. పగులు లేదు, వంపు లేదు. పట్టీలూ బాగున్నాయి. కానీ బోల్టులు బయటికి వచ్చేసరికి ఎలక కొరికిన చెరుకు ముక్కల్లా ఉన్నాయి. నడుము దగ్గర సన్నబడిపోయి, ఒకటి రెండు చేతిలోనే విరిగాయి. మరల సందుల్లో తుప్పుతో కలిసి పసుపు ముద్ద. దాని మీద తెల్లగా విభూతి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“కొబ్బరి నీళ్ళు” అన్నాడు మావయ్య. “కాయ దెబ్బకి రంగు పెచ్చులూడింది. ఆ సందుల్లోకి నీళ్ళు దిగి కూకున్నాయి. పైన పసుపు మెత్తితే ఇంక ఆరేదెక్కడ?”

నాన్న బోల్టును అలా తిప్పి చూస్తున్నాడు.

“మరి సెప్పు బావా మా సెల్లికి, కొక్కేనికేటీ కాలేదని. బోల్టులు మార్సుకుంటే అయిపోద్ది.”

“ఏటి తినేసింది బోల్టుల్నని అడుగుద్ది గదా.”

“అడిగితే సెప్పు.”

“మా అమ్మకి ఈ దేశంలో ఆ శుక్రవారం ఒక్కటే ఉన్నాది బావా. నీ పూజే నీ కొడుకుని సంపబోయిందని ఎలా సెప్పను?”

“అది సెప్పలేక యార్డు కెళ్తావేటి? మళ్ళీ ఆ పరంజా ఎక్కుతావా?”

నాన్న బోల్టును పేపరులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఈ మాట ఇంట్లో అనొద్దని నాకు కళ్ళతోనే చెప్పాడు. వారమంతా మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాన్న పొద్దున్నే లేచి బల్ల దగ్గర కూర్చునేవాడు గానీ పాఠం సాగేది కాదు. ఒక అక్షరం రాయించి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవాడు. నేను దేవుడి పటాల ముందు కూర్చుని ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరికే కూర్చునేదాన్ని. నాయనమ్మ గెలవాలని మొక్కితే నాన్న యార్డుకు పోతాడు, నాన్న ఉండాలని మొక్కితే నాయనమ్మ శుక్రవారం పోతుంది. చివరికి, “తల్లీ, నువ్వే చూసుకో” అని లేచాను. ఇప్పటికీ తోచనప్పుడు నేను చేసే ప్రార్థన అదే.

శుక్రవారం వచ్చింది. నాయనమ్మ తలంటుకుని, పళ్ళెం పట్టుకుని కిందికి దిగింది. బండి వెనక కొక్కెం లేదు. పళ్ళెంతో అలాగే పైకి వచ్చింది. నాన్న చొక్కా వంటింటి కిటికీ మేకుకు వేలాడుతోంది. ఉతకడానికి తీసి జేబులు తడుముతుంటే పేపరు పొట్లం చేతికి తగిలింది. విప్పింది. బోల్టును వెలుతురుకు పట్టి చూసింది. గోటితో గీకింది. వాసన చూసింది.

“ఒరే సింహాచలం. ఇది నా పసుపు కాదేట్రా?”

నాన్న తల దించుకున్నాడు.

“వారం రోజులై మూతి ముడుసుకు తిరుగుతున్నావు. ఇందుకా?”

“తప్పు నాదేనమ్మా. ఫ్యాక్టరీవోడు బిగించి ఇచ్చినాడు గదా అని నాను ఒక్క రోజూ అడుగున దూరి సూడనేదు. సూసుంటే ఎప్పుడో తెల్సిపోను.”

“సూడకపోడం నీ తప్పే. నీళ్ళు పోసింది నాను. నా వాటా నాకొగ్గేయ్, అది కూడా నువ్వే ఎత్తుకోకు.”

ఆవిడ ఏడుస్తుందేమోనని నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఏడవలేదు. పళ్ళెంలోని కొబ్బరికాయను చూసుకుంది. తరువాత, “అమ్మవారికి దాహమేస్తే ఇనప ముక్క నాకి తాగుద్దేటి? నేల మీద కొట్టినా ఆవిడికి అందుద్ది. నాకే తెలీలేదు. గొలుసు తెగకండా పట్టుకుని, ఒక్క మాట సెప్పి ఒగ్గేసింది సల్లని తల్లి” అంది. అని వంటింట్లోకి తిరిగింది. “కోడలా, ఇన్నావా? కొక్కెం నిక్షేపంలాగున్నాదట. పాడు సేసింది నీ అత్త.”

అమ్మ పొయ్యి తగ్గించి వచ్చింది. అన్నీ విన్నట్టే ఉంది. “బోల్టులు మారిస్తే సరిపోద్దా అత్తా? మళ్ళీ ఊడితే?”

“ఊడితే నా కళ్ళ ముందే ఊడాల. ఆదివారం నానెక్కుతాను ముందు సీట్లో. ఎనక జనరేటరు కట్టించు. ఆ మెరక మీదే ఎల్దాం.”

ఈ మాట విలువ ఏమిటో చెప్పాలి. నాయనమ్మకు మోటారు బండి పడదు. బస్సు ఎక్కి రెండు స్టాపులు పోతే వాంతులు. పికప్ కొన్నప్పటి నుంచి దానికి ప్రతి వారం మొక్కింది గానీ ఒక్కసారి ఎక్కలేదు. అమ్మ ఆవిడ వంక అలా చూసి, “అయితే నానూ వస్తాను” అంది.

నాన్న కొత్త బోల్టులు, ముందటి వాటంత గట్టివే, వెతికి తెచ్చాడు. దూలం తోమి, తుప్పు మందు పూసి, రంగు వేసి బిగించాడు. ఆదివారం పొద్దున ముందు సీట్లో నాన్న, నడుమ నాయనమ్మ, చివర అమ్మ. నాయనమ్మ ఒడిలో కొట్టని కొబ్బరికాయ, చేతిలో నిమ్మకాయ, అమ్మ చేతిలో ప్లాస్టిక్ సంచి. వెనక జనరేటరు. దాని వెనక మావయ్య లారీ, అందులో నేను. అలా నాకు మాత్రం కొక్కెం కనిపించే చోటు దక్కింది. మెరక మొదలయ్యేసరికి మావయ్య ముందుకు వంగి స్టీరింగ్‌ను పొట్టతో పట్టుకున్నట్టు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అది విరుగుతుందని చెప్పిన మనిషే, “ఆగు తల్లీ, ఆగు తల్లీ” అని గొణుగుతున్నాడు. టక్కుమనలేదు. సిగ్నల్ దగ్గర నాన్న కావాలని గట్టిగా బ్రేకు వేశాడు. జనరేటరు బుద్ధిగా ఆగింది. మళ్ళీ కదిలింది. గుండు మీద టోపీ అటూ ఇటూ తల తిప్పుతోంది గానీ దూలం రవ్వంత కూడా కదల్లేదు.

“ఊగిందేటే పైడీ? నీయి లేత కళ్ళు, బాగా సూడు” అన్నాడు మావయ్య నాతో.

“లేదు మావయ్యా.”

“ముసిల్ది గెల్సింది” అన్నాడు. ఓడిపోయినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మెరక పైన బండి ఆగింది. నాయనమ్మ దిగి ముందు సంచిలో వాంతి చేసుకుంది. నోరు పుక్కిలించి, చీర సర్దుకుని, కొబ్బరికాయ తీసుకుని కొక్కెం వైపు నడిచింది. ఆవిడ కొక్కేనికి దణ్ణం పెట్టి, పక్కకు తిరిగి, ఫుట్‌పాత్ గట్టు మీద కాయ కొట్టింది. నీళ్ళు కాలవలోకి పోయాయి. అమ్మ బండి వెనక వంగి, కొత్త బోల్టులను ఒక్కొక్కటే వేలితో తడిమింది. లేచి చేతులు చెంగుకు తుడుచుకుని, నాన్నతో అంది. “యార్డుకి ఫోన్ సేసీండి. రారని.”

మర్నాడు సోమవారం. నిద్ర లేచేసరికి సాంబ్రాణి పొగ. పరుగున ముందు గదిలోకి వచ్చాను. కుర్చీలో నాన్న. నా పలక బల్ల మీద ఉంది, తడిగుడ్డతో తుడిచి. “నిన్నటి దాకా రాసింది మర్సిపోయుంటావు. మళ్ళీ బిగించు” అన్నాడు.

ఆ తరువాత శుక్రవారం పోలేదు, మారింది. నాయనమ్మ కిందికి దిగగానే ముందు పొడిగుడ్డ, తరువాత ఆముదం గుడ్డ. కొక్కేనికి స్నానం బదులు ఆముదం. దాని మీద ఆవగింజంత కుంకుమ. కాయ గట్టు మీదే. అదే సమయానికి నాన్న అట్టముక్క మీద పడుకుని ఒక్కో నట్టును పానాతో పట్టి చూసేవాడు. పైన ఒకరు, కింద ఒకరు, ఒకే వస్తువుకు ఇద్దరి పూజ. మావయ్య వెల్డింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు. మజ్జిగ మాత్రం తగ్గించలేదు. ఆ దూలం ఆ బోల్టులతోనే జనరేటరును లాగింది. నా చదువు లాగింది, నా పెళ్ళి లాగింది. పికప్‌కు కాలం చెల్లి తుక్కుకు పోయిన రోజున నాన్న ఈ గుండు ఒక్కటి విప్పుకుని వచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ తన చీర చింపి చుట్టింది. నాన్న ఆ యార్డు గేటు మళ్ళీ తొక్కలేదు. నిండు వయసులో, ఇంట్లో, మా అందరి మధ్య వెళ్ళిపోయాడు. ఇంతకన్నా ఏమి అడుగుతాను.

ఇప్పుడు మా బ్లాకు కింద కార్ పార్కులో నిలబడితే నిగనిగలాడే బండ్లు. మా అల్లుడి కారులో చక్రంలో గాలి తగ్గితే తెర మీద అదే చెబుతుంది. ఎవరూ అట్టముక్క పరుచుకుని కింద దూరరు. మంచిదే, భుజాలకు సుఖం. అప్పటి కన్నా ఇప్పుడు ఎన్నో మేలు, ఆయాసానికి మందు కూడా జేబులో పట్టే డబ్బాలో వస్తోంది. అయినా ఏదైనా కొత్త వస్తువు ఇంటికి వస్తే నేను ముందు దాని అడుగు చూస్తాను. చేసినవాళ్ళు బాగానే చేసి ఉంటారు, వాళ్ళకు నా దణ్ణం. మన చేతికి వచ్చాక మనం దాని మీద ఏం పోస్తున్నామో చూసుకోవడం మన వంతు. బొట్టు పెట్టే ముందు తడి తుడవడం నాయనమ్మ నాకు నేర్పిన పూజల్లో మొదటిది.

ఈ శనివారం హాసిని రాగానే ఇదంతా చెప్పాను. నాయనమ్మ వాంతి చేసుకున్న చోట పడి పడి నవ్వింది. బోల్టుల చోట నవ్వలేదు.

“సో యువర్ డాడీ ఆల్మోస్ట్ వెంట్ బ్యాక్ దేర్? బికాజ్ హి డోంట్ వాంట్ టు స్కోల్డ్ హిజ్ మదర్?”

“అవునమ్మా.”

“దెన్ హూ విల్ టీచ్ యూ?”

“ఎవరూ లేరు. అప్పుడు నీకు నేర్పడానికి నాకూ తెలుగు వచ్చి ఉండేది కాదు.”

హాసిని పుస్తకం తెరిచి గుణింతం మొదలుపెట్టింది. రంగుల వాసన పోవడానికి కిటికీలన్నీ తీసి, ఫ్యాను జోరుగా పెట్టాను. రాసేకొద్దీ కాగితం లేచి చేతికి అడ్డం వస్తోంది. రెండు సార్లు మోచేత్తో అణిచింది. మూడోసారి పెన్సిలు కింద పెట్టి, గుండును దగ్గరకు లాక్కుంది. నేను పక్కన పెట్టిన ఆముదం గుడ్డ తీసుకుని దాన్ని ఒకసారి తుడిచింది, దాని మీద మళ్ళీ పొడిగుడ్డ వేసి రుద్దింది, కాగితానికి మరక కాకుండా. తుడిచి, పక్కకు పడుకోబెట్టి, పుట మీద పెట్టింది.

“కెన్ కీప్ లా, అమ్మమ్మా” అంది, తల ఎత్తకుండా.

ఆ తరువాత కాగితం కదల్లేదు.